ముఖం లేని వాంగ్మూలం

జూన్ 3, మంగళవారం

కంపెనీ నుంచి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం వచ్చింది. అన్న ఎడమచేత్తో సంతకం పెట్టి తీసుకున్నాడట.

"యంత్రానికి ఉన్న రక్షణ పలకను తానే తొలగించినట్టు కార్మికుడు దుబాసీ సమక్షంలో స్వయంగా ఒప్పుకున్నందున, అతన్ని ఉద్యోగం నుంచి తొలగించడమైనది."

పన్నెండేళ్ళుగా పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతున్న అలవాటు. చదవగానే 'తొలగించు' రెండుసార్లు వచ్చిందని పెన్సిలుతో గీత పెట్టాను. తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది.

అన్న పుట్టుకతో చెవిటివాడు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కత్తిరింపు మెషిన్ మీద పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. ఏప్రిల్లో ఆ మెషిన్ అతని కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు తీసుకుంది. పలక అప్పటికే నెలరోజులుగా లేదని అక్కడ అందరికీ తెలుసు. పక్క మెషిన్ ఆయనకి మరీ బాగా తెలుసు. ఆయన నోరు విప్పలేదు. నోరున్నవాడిదే రాజ్యమంటారు గాని, నోరుండి కూడా మూసుకునేవాళ్ళ సంగతి ఎవరూ చెప్పరు.

అన్న "తీయలేదు" అన్నాడు. వాళ్ళు "తీశాను" అని రాసుకున్నారు. జరిగింది ఇంతే.

అప్పీలు పెడతాం.

జూన్ 4

ఆ దుబాసీ ఎవరన్నది ఇప్పుడు ముఖ్యం కాదు.

జూన్ 6, శుక్రవారం

కంపెనీ వాళ్ళు వీడియో నకలు ఇచ్చారు. పంతొమ్మిది సెకన్లు. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడోరోజు ఆఫీసు గదిలో ఫోనుతో తీసింది. అందులో అన్న చేతులు మాత్రమే ఉన్నాయి. చేతులతో మాట్లాడేవాడికి చేతులు చాలనుకున్నట్టున్నారు. మెడ పైన ఏమీ లేదు.

ఎడమచెయ్యి, కట్టు కట్టిన కుడిచెయ్యి కలిసి చెబుతున్నాయి: నేను, పలక, తీయడం.

వదిన నాలుగుసార్లు చూసింది. ఆవిడకీ వినపడదు. యూనిఫారాలు కుట్టే దర్జీ. గుడ్డ అంచున దారం పోగంత తేడా వచ్చినా పట్టేసే కళ్ళు. ఐదోసారి ఫోను మీద, పై అంచున వేలు పెట్టింది. అక్కడ గోరంత గడ్డం కొన కనిపించి ఎడమకి జరిగింది. కుడికి. మళ్ళీ ఎడమకి. సరిగ్గా చేతులు 'తీయడం' చెబుతున్నంతసేపు.

మా భాషలో తీశాను అన్నా, తీయలేదు అన్నా చెయ్యి ఒకటే. తేడా అంతా తలలో ఉంటుంది. చెయ్యి చెబుతున్నంతసేపూ తల అడ్డంగా ఊగితే, ఆ పని జరగలేదని అర్థం.

మా భాష అని రాశాను. రాస్తాను. నాకు చెవులుంటే ఉన్నాయి గాని, నోటిమాటకంటే ముందు నేర్చుకున్నది అదే. చిన్నప్పుడు ఆడుకోవడానికి అన్న తప్ప ఎవరున్నారు?

జూన్ 12, గురువారం

కార్మిక శాఖ ఆఫీసులో మొదటి విచారణ. అధికారి రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, మర్యాదస్తుడు. గడ్డం కొన చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని మూడుసార్లు చూశారు. కంపెనీ లాయరు, చేతికి నొప్పి పుట్టి తల ఊపి ఉండొచ్చు కదా అన్నాడు.

అధికారి నా వైపు తిరిగి అన్నారు: "నేను కాదనడం లేదమ్మా. తల ఊపితే అర్థం తిరగబడుతుందని ఏ పుస్తకంలో ఉందో చూపించండి. రికార్డులో పెట్టడానికి నాకో ఆధారం కావాలి."

"తెస్తాను" అన్నాను. ఎక్కడినుంచి తెస్తానో నాకే తెలియదు.

తర్వాత ఆయన వాంగ్మూలం కాగితం దీపానికి ఎత్తి పట్టుకుని, ఈ దుబాసీ ఎవరు, సంతకం గిలికినట్టుంది, అర్థం కావడం లేదన్నారు. లాయరు కేసుకి కొత్త. కనుక్కుని వచ్చే వాయిదాకి చెబుతానన్నాడు. నేను ఒళ్ళో సంచి సర్దుకున్నాను.

అక్కడ జరుగుతున్న ప్రతి మాటా అన్నకి చేతులతో చెబుతూనే ఉన్నాను. ఆ ఒక్క ప్రశ్న చెప్పలేదు. అంత అవసరం లేదనిపించింది.

వాయిదా జులై 10.

జూన్ 14, శనివారం

సిటీ లైబ్రరీ. భాషల అలమరా మొదటి వరస నుంచి చివరి వరస దాకా చూశాను. సైగల మీద ఒక్కటీ లేదు. కౌంటరులో ఆవిణ్ణి అడిగితే కంప్యూటర్లో వెతికి, చెవి ముక్కు గొంతు రోగాల దగ్గర ఉందని చెప్పింది. వెళ్ళి చూస్తే నిజంగానే చెవి శుభ్రం చేసుకునే పద్ధతుల పక్కన, 'సైగల బొమ్మల నిఘంటువు' అని ఒకటి. ఆత్రంగా తెరిచాను.

నాలుగు వందల బొమ్మలు. అన్నీ చేతులే. మణికట్టు దగ్గర కోసేసిన చేతులు. ఒక్కదానికీ ముఖం లేదు.

అక్కడే నేలమీద కూర్చున్నాను కాసేపు. ఎవరో వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

జూన్ 17, మంగళవారం

ప్రెస్సులో సగం రోజు సెలవు పెట్టి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళాను. విద్యార్థులకే ప్రవేశమట. పరిశోధకులకి కూడా ఇస్తారని బోర్డు మీద ఉంది కదా అన్నాను. ఏ విభాగమని అడిగాడు గేటు దగ్గరతను. ఏ విభాగమూ కాదు, ఇంటి దగ్గర పరిశోధన అన్నాను. ఉత్తరం కావాలన్నాడు. ఎవరి ఉత్తరమంటే, మీ పెద్దల దగ్గర్నుంచి అన్నాడు. మా ఇంట్లో నాకంటే పెద్ద మా అన్నే. రేపు తెస్తానన్నాను.

జూన్ 18

తెచ్చాను. "నా చెల్లెలిని లోపలికి పంపండి" అని అన్న ఎడమచేత్తో, ఇంతింత అక్షరాలతో రాసిచ్చాడు. గేటు అతను చదివి నవ్వాడు. నవ్వుతూనే వదిలాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

భాషాశాస్త్రం రెండు వరసలుంది. ఎవరూ చదవలేని పాత లిపుల మీద ఆరు పుస్తకాలు. చిలకలు మాట్లాడతాయా అన్నదాని మీద ఒకటి, లావుగా. మా అన్న మాట్లాడతాడా అన్నదాని మీద ఏమీ లేదు.

జూన్ 20, శుక్రవారం

వారం రోజులుగా కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నాను. ఇవాళ ప్రెస్సు యజమాని చిరునామా ఇచ్చి, భాషాశాస్త్రం చెప్పి రిటైరయిన మేష్టారి దగ్గరికి పంపారు. పై అంతస్తులో చిన్న గది. కుర్చీ మీద పుస్తకాలుంటే ఆయనే దించి కూర్చోమన్నారు.

వేరే దేశాల సైగభాషల మీద మూడు వ్యాసాలు తీసిచ్చారు. తల ఊపడం వ్యాకరణమేనని మూడింట్లోనూ ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపారు, అందరూ ఊపినట్టే. ఇది మీకు పనికిరాదు, అది వాళ్ళ భాష, మీ అన్నయ్యది కాదు, లాయరు నిమిషంలో కొట్టిపారేస్తాడన్నారు. మరి మా భాష మీద ఏమీ లేదు కదండీ అన్నాను.

"పుస్తకం లేకపోతే మాట్లాడేవాళ్ళే ప్రమాణం. పుస్తకం రాసినవాడు కూడా వాళ్ళ దగ్గరికే వెళ్ళాడు. మీరూ వెళ్ళండి. అయితే మీక్కావలసిన జవాబు వాళ్ళ నోట్లో పెట్టకండి" అన్నారు. ఆ 'నోట్లో' అన్నదానికి తర్వాత ఆయనే నాలుక కరుచుకున్నారు.

దేనికోసం అడుగుతున్నామో వాళ్ళకి చెప్పకూడదట. ఒక్కొక్కరినీ విడిగా అడగాలట. మన లెక్కకి కుదరని జవాబు వస్తే దాన్ని మొట్టమొదట రాయాలట.

లేచేముందు, ఆ రోజు దుబాసీగా ఉన్నదెవరని అడిగారు. కంపెనీ వాళ్ళే పిలిపించారన్నాను. కంపెనీ వాళ్ళే పిలిపించారు. అది అబద్ధం కాదు.

జూన్ 22, ఆదివారం

సైకిళ్ళ రిపేరు షాపు మీద రెండు గదులు మా చెవిటివాళ్ళ సంఘం. ఆదివారం మధ్యాహ్నం నలభైమంది చేరతారు, మెట్ల మీద మాత్రం చప్పుడుండదు. వేళ్ళు పోయాక అన్న అక్కడికి వెళ్ళడం ఇదే మొదలు. కొన్ని మాటలు ఇప్పుడతనికి సరిగ్గా రావు. చిటికెన వేలుతో చెప్పాల్సినవి బొటనవేలుతో చెబుతున్నాడు. సంఘంలో అందరికంటే పెద్దవాడైన కంపోజిటర్ తాత కాసేపు చూసి, "నీకు నత్తి వచ్చిందిరా" అన్నాడు. గది గదంతా పగలబడి నవ్వింది. అన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు. రెండున్నర నెలల తర్వాత.

నేను గోడవైపు తిరిగి బొమ్మలు సర్దుకున్నాను. వదినే గీసింది: గొడుగు తెరిచినవాడు, తెరవనివాడు. తలుపు వేసినామె, వేయనామె. ఇలా పది. ఒక్కొక్కరినీ లోపలి గదిలోకి పిలిచి, బొమ్మ చూపించి, ఏం జరిగిందని అడిగాను. ఈ వారం పదకొండు మంది అయ్యారు. అందరివీ ముఖాలతో సహా వీడియో తీశాను.

జూన్ 29, ఆదివారం

మిగతా పన్నెండు మంది. మొత్తం ఇరవైమూడు.

ఇరవైఒక్కరు తలతోనే 'లేదు' చెప్పారు. చెయ్యి మారలేదు. ఇద్దరు మాత్రం తల ఊపుతూనే, చివర్లో 'లేదు' అని చేత్తో కూడా చెప్పారు. ఆ ఇద్దరి గురించి మేష్టారు చెప్పినట్టే మొదటి పేజీలో రాశాను. చెయ్యి వాడి తల వాడనివారు ఒక్కరూ లేరు.

పధ్నాలుగు పేజీలు. జీవితంలో మొదటిసారి ఇతరుల ప్రూఫు కాకుండా నాది నేను దిద్దుకున్నాను.

జులై 2, బుధవారం

పేజీలు వదినకి చూపించాను. చదవడం ఆవిడకి కొంచెం నెమ్మది. బొమ్మల పక్కన రాసింది వేలితో చదువుకుంటూ వచ్చి, చివరికి తలెత్తి అడిగింది.

"ఇదంతా నీకు ఎప్పట్నుంచో తెలుసు కదా. ఆ రోజు గదిలో ఉన్నది నువ్వే కదా. మరి నువ్వెందుకు చూడలేదు?"

అన్న కత్తెరకి పదును పెడుతున్నాడు. దాన్ని పక్కన పెట్టి నా బదులు అతనే చెప్పాడు.

"చూసింది. నా చేతిని చూసింది. ముఖం చూడలేదు."

కోపంగా చెప్పలేదు. ఏ రోజు ఎండ ఎక్కువగా ఉందో చెప్పినట్టు చెప్పాడు. నేను లేచి వచ్చేశాను.

జులై 3

సరే. రాస్తాను. ఇది ఎవరూ చదవరు కదా.

దుబాసీని నేనే. కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే ప్రెస్సు నుంచి పరుగెత్తాను. వాళ్ళు పలక ఎవరు తీశారని అడగమన్నారు. అడిగాను. అన్న చెబుతున్నప్పుడు ఆ కట్టు తడిసి ఉంది. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. రెండు వేళ్ళు ఉండాల్సిన చోట ఏమీ లేకుండా ఆ చెయ్యి మాట్లాడుతోంది. నేను, పలక, తీయడం. "తీశానంటున్నాడు" అని నా నోటితో నేను చెప్పాను. వాళ్ళు రాసుకున్నారు. కాగితం నా ముందుకి తోస్తే ఆ కట్టు మీంచి కళ్ళు తిప్పకుండానే సంతకం గిలికాను. అన్న చేత కూడా సంతకం పెట్టించాను, నన్ను నమ్మి అతను చదవనే లేదు.

ముఖాలు కోసేసిన పుస్తకం చూసి నేలమీద కూలబడ్డాను. ఆ పుస్తకం రాసినవాణ్ణి ఎంత తిట్టుకున్నాను.

నేను తప్పు చెప్పానని అన్నకి ఉత్తరం వచ్చిన రోజే తెలుసు. ఒక్క మాట అనలేదు.

జులై 9, బుధవారం

మేష్టారికి నిజం చెప్పాను. ఆయన నా పేజీలు దగ్గరికి లాక్కున్నారు. రేపు మీరు దుబాసీగా కూర్చుంటే ఆ పధ్నాలుగు పేజీలకీ విలువుండదన్నారు. తెలుసన్నాను. అయితే మీరు లేకుండా జరిగేది ఏదైనా ఆలోచించాలన్నారు. ఇద్దరం కూర్చుని ఆలోచించాం. టీ రెండుసార్లు చల్లారింది.

ఇంటికొచ్చి అన్నకి చెప్పాను, మొదటి వాయిదాలో దాచిన ప్రశ్నతో సహా. విని, కంపోజిటర్ తాతని రమ్మని కబురు పెట్టాడు.

జులై 10, గురువారం

లాయరు నోరు తెరవకముందే లేచి నిలబడ్డాను. ఆ రోజు దుబాసీని నేనేనని, తప్పు చెప్పానని, అన్న తల ఊపడం నేను చూడలేదని చెప్పాను.

లాయరు మంచి సమయానికి లేచాడు. అప్పుడు తప్పు చెప్పినావిడ ఇప్పుడు ఒప్పు చెబుతోందని ఎలా నమ్మాలి, పైగా చెల్లెలు, ఈ పేజీలు రాసిందీ ఆవిడే అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే.

"నమ్మకండి" అన్నాను. "నన్ను బయటికి పంపండి. మీరే పరీక్ష పెట్టండి."

చెప్పాల్సింది చెప్పాను. అధికారి ఐదు చీటీల మీద తనకి తోచిన ఐదు వాక్యాలు రాసుకోవాలి. అన్న చదివి సైగల్లో చెబుతాడు. ఎదురుగా తాత కూర్చుని, అర్థమైంది అర్థమైనట్టు కాగితం మీద రాస్తాడు. యాభై ఏళ్ళు అక్షరాలు పేర్చిన మనిషి, రాత ముత్యాల్లా ఉంటుంది. మొదటిసారి అన్న ముఖానికి అడ్డం పెట్టాలి. రెండోసారి తీసెయ్యాలి. అంతే.

అధికారి లాయరు వైపు చూశారు. లాయరు భుజాలెగరేశాడు. నేను బయటికి వచ్చాను.

తలుపుకి అద్దం ఉంది. అందులోంచి చూశాను. మాటలు వినపడలేదు, అవసరం కూడా రాలేదు. అధికారి స్వయంగా లేచి, కేసు ఫైలు అన్న ముఖానికి అడ్డంగా పట్టుకున్నారు. ఫైలు కింద అన్న చేతులు, ఎనిమిది వేళ్ళతో, నెమ్మదిగా చెప్పాయి. తాత రాశాడు. ఐదు. తర్వాత ఫైలు పక్కకి పోయింది. ముఖం వచ్చింది. మళ్ళీ అవే ఐదు. తాత మధ్యలో ఒకసారి కలం ఆపి, మొదటి కాగితం వైపు చూసి నవ్వాడు.

లోపలికి పిలిచి, అధికారి తన ఐదు చీటీలూ, తాత రాసిన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివారు. ఆయన చీటీల్లో మూడు 'లేదు'లున్నాయి. 'నేను ఈ రోజు మందు వేసుకోలేదు' అన్నది ఒకటి. ఫైలు అడ్డం ఉన్నప్పుడు తాత రాసినవి ఐదూ జరిగినట్టే. మందు వేసుకున్నట్టే. ఫైలు తీశాక రాసినవి ఐదుకి ఐదూ చీటీల్లో ఉన్నట్టే.

అధికారి ఆ వీడియో మళ్ళీ పెట్టుకున్నారు. గడ్డం కొన దగ్గర ఆపారు. లాయరు కూడా వంగి చూశాడు.

జులై 11

ప్రెస్సులో మూడు ఫారాల ప్రూఫులు దిద్దాను. ఒక్క తప్పు కూడా వదల్లేదనుకుంటున్నాను. అనుకోవడమే.

ఆగస్టు 1, శుక్రవారం

ఉత్తర్వు వచ్చింది. వాంగ్మూలం చెల్లదు. తొలగింపు రద్దు. అన్నని అదే హోదాలో పనిలోకి తీసుకోవాలి. పధ్నాలుగు పేజీలు అనుబంధం కింద చేర్చారు, నా పేరుతో.

ఇంకో వాక్యం ఉంది. ఇకమీదట చెవిటి కార్మికుల వాంగ్మూలం ముఖంతో సహా చిత్రీకరించాలి, దుబాసీ రక్తసంబంధీకులు కాకూడదు. అది నా గురించే. రెండుసార్లు చదివాను. మార్చాల్సిందేమీ లేదు.

పలక తీసిందెవరో తేలలేదట. ఆ రోజు అక్కడున్నవాళ్ళెవరూ చెప్పలేదు కాబట్టి.

ఆగస్టు 6, బుధవారం

ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు. అన్న సోమవారం నుంచి వస్తున్నాడు, భద్రత గురించి నాలుగు మాటలు చెప్పాలి, మీరొకసారి వచ్చి వెళ్ళండన్నాడు. రానన్నాను. రాకూడదని ఉత్తర్వులో ఉంది కదా అన్నాను. మరి మాకెవరున్నారండీ అన్నాడు.

"పద్దెనిమిదేళ్ళు మీ దగ్గరే ఉన్నాడు. నేర్చుకోండి" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం, సైకిళ్ళ షాపు పైన, నేర్పేది మా అన్నే, నోటిమాటలుండవు అని చెప్పి పెట్టేశాను. ఒక్కడూ రాడని నాకు తెలుసు. అయినా అన్నాను. అనాలనిపించింది.

ఆగస్టు 17, ఆదివారం

ముగ్గురు వచ్చారు. మేనేజరు రాలేదు. ప్యాకింగు సెక్షన్ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు, పక్క మెషిన్ ఆయన.

ఆయన మెట్ల దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. వదిన బెంచీ చూపిస్తే చివర కూర్చున్నాడు.

నేను కిటికీ దగ్గర ఉన్నాను. సాయం చేస్తానంటే అన్న వద్దన్నాడు. మొదటి పాఠంలో అందరినీ చేతులు కట్టుకోమని, ముఖాలతోనే అవుననమన్నాడు, కాదనమన్నాడు. ఆడవాళ్ళిద్దరూ సిగ్గుపడి నవ్వారు. తర్వాత చేతులు విప్పమన్నాడు. 'నేను' నేర్పాడు. 'చూడడం' నేర్పాడు. రెండూ కలిపి, తల ఊపుతూ, చూడలేదు అని చెప్పి చూపించాడు. ఒక్కొక్కరినీ చెప్పమన్నాడు.

ఆడవాళ్ళు చెప్పారు. చేతులు కుదిరితే తల మరిచిపోయారు, తల గుర్తొస్తే చేతులు మరిచిపోయారు. అన్న ఓపిగ్గా దిద్దాడు.

పక్క మెషిన్ ఆయన వంతు వచ్చింది. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. నేను. రెండు వేళ్ళు కళ్ళ దగ్గర్నుంచి ముందుకి తెచ్చాడు. చూడడం. చేతులు సరిగ్గానే పెట్టాడు. తల కదల్లేదు.

మరిచిపోయాడనుకుని వదిన తన తల ఊపి గుర్తు చేసింది. ఆయన వదిన వైపు చూడలేదు. అన్న వైపు చూస్తూ మళ్ళీ చెప్పాడు. నేను, చూడడం. తల నిటారుగా ఉంది. ఆ తర్వాత, నేర్పని మాట ఒకటి తనంతట తాను చేశాడు. రెండు అరచేతులతో పలక ఆకారం పట్టి, పైకి ఎత్తి, పక్కన పెట్టాడు. వేలితో తన తల చుట్టూ గాల్లో, ఆ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఒక్కడే పెట్టుకునే టోపీ గీశాడు.

అన్న దిద్దలేదు. ఒక బెంచీ లాక్కుని ఆయన ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు, నెమ్మదిగా. వదిన ఫోను తీసి, ఆయన ముఖం, చేతులు రెండూ పట్టేదాకా వెనక్కి జరిగింది.